పని నేర్పిన సార్ చేసిన కాలువ లెక్కను క్లాసులో తప్పుగా చూపించవచ్చా?

తిరుపతి నుంచి ఒక మహిళా ఇంజనీరు ఏడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, ఆఫీసు, కాలనీ ఏవీ బయటికి రాకూడదని కోరారు కనుక వాటిని పక్కనపెట్టి, విషయాన్ని మాత్రం కుదించి ఇస్తున్నాను.

ఆమెకు నలభై రెండేళ్లు. సివిల్ డిప్లొమా చదివి 2005లో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరారు. ఆడపిల్లను సైటుకు పంపడం దేనికని అందరూ టేబులుకే కూర్చోబెట్టిన రోజుల్లో, నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెలింగ్ యంత్రం చేతికిచ్చి, ఎండలో నిలబెట్టి లెవెల్ పుస్తకం రాయించి, సాయంకాలాలు బీటెక్ పాఠాలు కూడా చెప్పిన సీనియర్ ఇంజనీరు ఒకాయన ఉన్నారు. ఉత్తరమంతటా ఆమె ఆయనను ‘మా సార్’ అనే రాశారు. ఊరికి ఉత్తరాన, కొండ పాదానికి దగ్గరగా ఉన్న ఎనిమిది హెక్టార్ల కాలనీకి 2012లో వీళ్లిద్దరూ కలిసి వాన నీటి కాలువ డిజైను చేశారు. లెక్క సార్‌ది, గీత ఈమెది. 2021 నవంబరు వానల్లో ఆ కాలువ పొంగి, కాలనీ దిగువ వీధుల్లో నడుము లోతున నీళ్లు నిలిచాయి. ఆ వీధుల్లోనే ఆమె ఆడపడుచు ఇల్లు ఉంది. ‘మా వదిన గీసిన కాలువే మా ఇంట్లోకి వచ్చింది’ అని ఆడపడుచు నవ్వుతూనే అంటుందట. కాకపోతే ప్రతి పండక్కీ అంటుందట.

ఇప్పుడు ఆఫీసు వారు ఆమెకు ఒక బాధ్యత అప్పగించారు. వార్డు ఎమినిటీస్ సెక్రటరీలు, కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసే సైటు ఇంజనీర్లు, కొత్తగా చేరిన జూనియర్లు కలిపి ఇరవై నాలుగు మందికి, ఆరు శనివారాలు, వాన నీటి కాలువల డిజైనుపై శిక్షణ ఇవ్వాలి. పాఠాలు సిద్ధం చేసుకుంటూ ఆమె ఆ పాత లెక్క తీసి చూశారు. గంటకు 50 మిల్లీమీటర్ల వాన, 0.6 రనాఫ్ గుణకం (పడిన వానలో ఎంత వంతు కాలువకు చేరుతుందో చెప్పే అంకె) వేస్తే సెకనుకు 0.67 ఘనపు మీటర్ల నీరు అని సార్ తేల్చారు. ఇప్పటి పద్ధతిలో 0.9 గుణకం వేస్తే ఒక ఘనపు మీటరు అవుతోంది. ‘మా సార్ తప్పు చేశారు, నేను ఆ తప్పుకు గీత గీశాను’ అని ఆమె నిర్ణయానికి వచ్చారు. క్లాసులో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదని ఆమెకు తెలుసు. కానీ సార్ రెండేళ్ల క్రితం రిటైరై ఇదే ఊళ్లో ఉన్నారు; ఆఫీసు వాళ్లు ఇప్పటికీ ఆయన్ను సలహా అడుగుతారు. తోటి ఉద్యోగి ఒకరు ‘ఏమ్మా, లెక్క మారిస్తే వాన తగ్గుతుందా?’ అని ఎగతాళి చేశారు. భర్త ‘నీకెందుకీ తలనొప్పి, పుస్తకంలో ఉన్నది చెప్పి వచ్చేయ్’ అన్నారు. ‘చెబితే కృతఘ్నురాలిని, చెప్పకపోతే అబద్ధాలకోరును. చెప్పాలా, వద్దా, ఒక్క మాటలో చెప్పండి’ అని ఆమె ఉత్తరం ముగించారు.

అమ్మా, ఒక్క మాటలో చెప్పలేను. మీరు అడిగిన ప్రశ్న ఒకటే అయినా, దాని లోపల మూడు వేరు వేరు విషయాలు చిక్కుపడి ఉన్నాయి: కాలువ ఎందుకు పొంగిందన్నది ఒకటి, దాన్ని క్లాసులో ఎలా బోధించాలన్నది ఇంకొకటి, మీ సార్‌కూ మీకూ మధ్య ఉన్న రుణం మూడవది. మీరు మొదటిదాన్ని తేల్చకుండానే మూడవదాని గురించి కుమిలిపోతున్నారు. నేనూ నలభై ఏళ్లు ఈ కాలువలూ కల్వర్టుల మధ్యే గడిపినవాణ్ని కనుక, ముందు లెక్క దగ్గరే కాసేపు కూర్చుందాం.

మీరు కాలువ కొలతలు కూడా రాశారు. మూడు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు, కాంక్రీటు గోడలు, వాలు 200కు ఒకటి. అడుగులను 0.9, 0.6 మీటర్లుగా తీసుకుని, కాలువ ఎంత నీటిని మోస్తుందో చెప్పే మానింగ్ సూత్రంలో కాంక్రీటుకు గరుకుదనం 0.015గా వేసి చూస్తే ఈ కాలువ అంచుదాకా నిండినప్పుడు సెకనుకు ఇంచుమించు 1.03 ఘనపు మీటర్ల నీటిని మోస్తుంది. అంటే మన వాడుకలో దాదాపు 36 క్యూసెక్కులు. మీరు దిద్దిన 0.9 గుణకంతో వచ్చిన ఒక ఘనపు మీటరును కూడా ఈ కాలువ అంచులు ఒరుసుకుంటూనైనా తీసుకుపోగలదు. మీ సార్ లెక్కలో తక్కువ వేసినా, కట్టడంలో కొంత ఎక్కువే ఇచ్చారన్నమాట. కనుక వీధుల్లో నడుము లోతు నీళ్లు నిలవడానికి 0.6 అనే అంకె ఒక్కటే కారణం కాజాలదు. మీరు దోషిగా నిలబెట్టిన అంకె మీద నేరం రుజువు కావడం లేదు.

మరి నీళ్లు ఎక్కడివి? మీ ఉత్తరం ఐదో పేజీ అడుగున, బ్రాకెట్లలో, మీరే ఒక వాక్యం రాసి వదిలేశారు: ‘పైన గుట్ట పక్క దాదాపు నలభై హెక్టార్ల భూమి ఉంది, అది మా ప్లానులో లేదు; తరువాత అక్కడ ప్లాట్లు వేసినప్పుడు వంకను మన కాలువలోకి తిప్పినట్టున్నారు.’ ఏడు పేజీల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యం అది. ఆ నలభై హెక్టార్లకు గుణకం 0.5 మాత్రమే వేసి, అదే 50 మిల్లీమీటర్ల తీవ్రతతో చూడండి: 2.78 ఘనపు మీటర్లు వస్తుంది. కాలనీ నీటితో కలిపితే 3.78. అంత విస్తీర్ణంలో పై కొసన పడిన నీరు కిందికి చేరడానికి ఎక్కువ సేపు పడుతుంది కనుక తీవ్రత కొంత తగ్గించి వేయాలి, నిజమే. గంటకు 40 మిల్లీమీటర్లకు తగ్గించినా మొత్తం మూడు ఘనపు మీటర్లకు దిగదు. కాలువ మోయగలిగినదానికి అది మూడు రెట్లు. గుణకాన్ని 0.6 నుంచి 0.9కి మారిస్తే లెక్క ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. పరీవాహక ప్రాంతం, అంటే కాలువలోకి నీరు వచ్చి చేరే నేల, దాని గీత తప్పితే ఐదారు రెట్లు తారుమారవుతుంది. మన శిక్షణ తరగతులన్నీ గుణకాల పట్టికల చుట్టూ తిరుగుతాయి గానీ, ఆ గీత ఎక్కడ గీయాలన్నది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. లేఅవుట్ సరిహద్దునే నీటి సరిహద్దుగా తీసుకోవడం మన ఆఫీసుల్లో ఎంతగా అలవాటైపోయిందంటే, అది తప్పని ఎవరికీ తోచదు. నీటికి లేఅవుట్ అప్రూవల్ నంబరుతో పనిలేదు.

తిరుపతి లాంటి ఊళ్లో ఈ అలవాటు మరీ ప్రమాదకరం. ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా లేచి ఉంటాయి. కపిలతీర్థం దగ్గర ధార ఎలా దూకుతుందో అందరం చూసినవాళ్లమే. అక్కడి నుంచి ఊరంతా దక్షిణానికి, స్వర్ణముఖి వైపుకు వాలి ఉంటుంది. కొండ మీది వాలులో పరుగెత్తి వచ్చిన నీరు, కొండ దిగి వాలు తగ్గగానే వేగం కోల్పోయి, మోసుకొచ్చిన ఇసుకనూ గులకనూ అక్కడే దించేస్తుంది. వెనకటివాళ్లు ఆ నీటిని వంకల్లో నడిపించి, ఒక చెరువు నిండి మొరవ పోతే ఇంకో చెరువుకు చేరేలా గొలుసుగా కట్టుకున్నారు. ఆ గొలుసులో ఒక కొక్కెం ఎక్కడ ఊడిపోయినా నీరు కిందివాళ్ల ఇళ్లలో తేలుతుంది. 2021 నవంబరులో కపిలతీర్థం దగ్గర మండపం దెబ్బతిన్నదీ, ఘాట్ రోడ్లు మూసివేయవలసి వచ్చిందీ, రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతోందని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించిందీ మీకు నేను గుర్తు చేయనక్కరలేదు. ఒక కాలనీ కాలువ కథను ఆ మొత్తంలో పెట్టి చూడకపోతే, దోషం ఎవరో ఒక మనిషి తలకు చుట్టుకుంటుంది.

అలాగని మీ సార్ నిర్దోషి అని నేను తీర్పు ఇవ్వడం లేదు. అది తేలాలంటే మీకు ఒక సంగతి తెలియాలి: 2012లో ఆ వంక ఎటు పోయేది? అప్పటికి అది కాలనీకి పక్కగా విడిగా పారుతూ చెరువులో కలిసేదైతే, ఎనిమిది హెక్టార్లకే లెక్క వేయడం సబబే. తరువాత వంకను పూడ్చి కాలువలోకి తిప్పినవాళ్లదీ, దాన్ని చూసి ఊరుకున్నవాళ్లదీ తప్పు. అప్పటికే వంక చెరిగిపోయి నీరు కాలనీ మీదికే వచ్చేదైతే, ఆ సంగతి చూడకపోవడం మీ ఇద్దరి తప్పు. ఇది తెలుసుకోవడానికి ఎవరినీ నిలదీయనక్కరలేదు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరిపి చూడవచ్చు. గ్రామ నక్షాలోనూ, సర్వే నంబర్ల కొలతలు చూపే ఎఫ్‌ఎంబీ పటాల్లోనూ వంక పోరంబోకు ఎక్కడినుంచి ఎక్కడికి ఉందో గీసి ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు తీస్తే ఆ నలభై హెక్టార్లు బొటనవేలి గోరంతే కనిపిస్తాయి గానీ, కొండ వాలు ఎటు దిగుతోందో చెప్పడానికి అది చాలు. ఒక్క రోజు పని. ఆ పని చేయకముందు సార్ పేరు ఎత్తడం ఆయనకూ అన్యాయం, క్లాసులో కూర్చున్న ఇరవై నాలుగు మందికీ అన్యాయం.

గుణకం విషయంలో కూడా 2012 నాటి మనిషిని 2012లోనే నిలబెట్టి చూడాలి. అప్పట్లో చాలా ఆఫీసుల్లో చేతిలో ఉన్నది కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈవో వారి 1993 నాటి మురుగునీటి మాన్యువల్. ఊరి చివరి నివాస ప్రాంతాల్లో ఏడాదికి రెండుసార్లు, ముఖ్యమైన వ్యాపార ప్రాంతాల్లో రెండేళ్లకొకసారి కాలువ పొంగినా ఫరవాలేదన్న ప్రమాణాలు అందులోనివే. వాన నీటి కాలువలకంటూ విడిగా అదే సంస్థ మాన్యువల్ తెచ్చింది 2019లో. అయితే 2010లోనే జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పట్టణ వరదల మార్గదర్శకాలు ప్రకటించి, పట్టణం పూర్తిగా కట్టడాలతో నిండిపోయే రోజును దృష్టిలో పెట్టుకుని గుణకాన్ని 0.95 దాకా తీసుకోమని చెప్పింది. కనుక ‘అప్పుడు ఎవరికీ తెలియదు’ అని మీరు క్లాసులో చెబితే అది సరి కాదు. ‘తెలిసినది మన బల్ల మీదికి రాలేదు’ అంటే సరిగ్గా ఉంటుంది. శిక్షణ అవసరం ఏమిటో కూడా ఆ మాటలోనే ఉంది.

ఇక బోధన సంగతి. ఇక్కడ నా సొంత వైఫల్యం ఒకటి చెప్పుకోవాలి. నేను చిత్తూరులో ఉన్నప్పుడు జూనియర్లకు మూడు రోజుల శిక్షణ ఇచ్చి, చివరి రోజు పరీక్ష పెట్టాను. అందరికీ ఎనభై దాటాయి, నాకు మహా సంతోషం. నెల తిరక్కుండానే మొదటి మార్కు వచ్చిన కుర్రాడు ఒక డ్రాయింగు పంపాడు. అందులో కాలువ అడుగుభాగం మట్టం చివరి కొసన మొదటి కొస కంటే నాలుగు అంగుళాలు ఎత్తుగా ఉంది. తప్పు ఆ అబ్బాయిది కాదు. నేను పరీక్షలో విస్తీర్ణం ఇంత, వాలు ఇంత, గుణకం ఇంత అని అన్నీ నేనే ఇచ్చి, సూత్రంలో వేసి జవాబు రాయమన్నాను. సైటులో ఆ మూడూ ఎవరూ ఇవ్వరు. వాటిని వెతికి పట్టుకోవడమే డిజైను, మిగిలినది గుణకారం.

అందుకే మీ ఆరు శనివారాల్లో మొదటిదాన్ని హాలులో గడపవద్దని నా సలహా. ఆ ఇరవై నాలుగు మందినీ ఏదైనా ఒక కాలువ దిగువ కొస నుంచి ఎగువకు నడిపించండి. పై నుంచి కిందికి నడిపిస్తే వాళ్లకు కాలువ కనిపిస్తుంది, కింది నుంచి పైకి నడిపిస్తే నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చి చేరుతున్నాయో కనిపిస్తుంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి ‘ఇక్కడికి నీళ్లు ఎవరి దగ్గరినుంచి వస్తున్నాయి?’ అని అడగండి. కాలువ మీద దుకాణదారులు వేసుకున్న స్లాబులు, రోడ్డు నీరు కాలువలోకి దిగడానికి దారి లేకుండా పోసిన సిమెంటు, కాలువకు అడ్డంగా పోయే తాగునీటి పైపు, ఇవన్నీ వాళ్ల కంటితో వాళ్లే చూడాలి. వీలైతే ఆ వార్డులో పూడిక తీయించే పారిశుద్ధ్య మేస్త్రిని వెంట తీసుకువెళ్లండి. ఏ మూల ఎంత మట్టి పేరుకుంటుందో ఆయనకు తెలిసినట్టు ఏ సాఫ్ట్‌వేరుకూ తెలియదు. పక్క ఊళ్లో చెరువు తూము చూసిన పాతకాలపు నీరుగంటి ఎవరైనా దొరికితే మరీ మంచిది. మొరవ ఏ నెలలో పోయేదో, ఏ వంక ముందు పొంగేదో ఆయన చెబుతారు.

పూడిక లెక్క మాత్రం హాలులో బోర్డు మీద చేసి చూపించండి, అది చూస్తే అందరూ ఉలిక్కిపడతారు. మీ కాలువలోనే సగం లోతు, అంటే ఒక అడుగు, మట్టి పేరుకుంటే సామర్థ్యం సగానికి తగ్గుతుందని అందరూ అనుకుంటారు. వేసి చూస్తే 1.03 కాస్తా దాదాపు 0.41కి పడిపోతుంది, అంటే ఐదింట రెండు వంతులే మిగులుతుంది. నీటి మందం తగ్గితే వేగం కూడా తగ్గుతుంది కనుక. కొండ పాదాన ఇసుక దిగే చోట కట్టిన కాలువకు పై కొసలో ఇసుక పట్టే గుంత లేకపోతే, ఒక్క పెద్ద వానకే ఈ స్థితి రావచ్చు. వర్షాకాలం రాకముందు, మార్చి ముప్పై ఒకటికల్లా పూడిక తీయాలని 2010 మార్గదర్శకాలు చెప్పాయి. మనకు ఆపైన ఇంకొక మెలిక ఉంది. ఇక్కడ దంచి కొట్టేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వాన. మార్చిలో తీసిన కాలువలో నవంబరు నాటికి మళ్లీ ఏముందో చూడకపోతే ఆ పని కాగితం మీదే మిగులుతుంది. పైగా నవంబరు మూడో వారానికి నేల అప్పటికే నీళ్లు తాగి తాగి ఉంటుంది. ఇంకుడు గుంతలు మంచివే, నేను వ్యతిరేకిని కాను, కానీ వాటిని నమ్ముకుని కాలువ కొలత తగ్గించే డిజైనును ఈ ఊళ్లో నేనైతే సంతకం చేయను.

‘అయిదేళ్లకొకసారి వచ్చే వాన’ అన్న మాటను కూడా విడమరచండి. ఒకసారి వచ్చిపోతే ఇంక అయిదేళ్లు నిశ్చింత అని ఇంజనీర్లలోనే చాలామంది అనుకుంటారు. ఏ ఏడాదైనా అంతకు మించిన వాన రావడానికి ఐదింట ఒక వంతు అవకాశం ఉందని దాని అర్థం. పదేళ్లలో కనీసం ఒక్కసారైనా అది రావడానికి నూటికి ఎనభై తొమ్మిది వంతుల అవకాశం ఉంది. పొంగదని హామీ ఇచ్చే కాలువ ఏదీ ఉండదు. పొంగినప్పుడు నీరు ఇళ్లలోకి పోకుండా రోడ్డు మీదుగా ఎటు పోవాలో కూడా డిజైనులో భాగమేనని వాళ్లు తెలుసుకోవాలి. మీ తోటి ఉద్యోగి ఎగతాళికి జవాబు కూడా అదే. లెక్క మారిస్తే వాన తగ్గదు నిజమే, కానీ ఆ నీరు ఏ వీధిలో ఆగాలో మారుతుంది.

సాఫ్ట్‌వేరు గురించి అడిగారు. అమెరికా పర్యావరణ సంస్థ 1971లో మొదలుపెట్టిన ఎస్‌డబ్ల్యూఎంఎం, అంటే వాన నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేరు, ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. నాలుగో వారం నుంచి పరిచయం చేయండి, అంతకంటే ముందు వద్దు. గీత తప్పుగా గీసి అందులో పెడితే, అది ఆ తప్పునే రంగుల్లో చూపిస్తుంది. ఊళ్లో ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. జలవిజ్ఞానం చెప్పే ఒక అధ్యాపకుణ్ని ఒక పూటకు పిలిస్తే మీ భారమూ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు ఇవి.

పేర్లు మార్చి ‘ఒక ఊళ్లో ఒక కాలువ’ అని చెప్పడం చాలామందికి సులువుగా తోచే దారి. మీ విషయంలో అది పనికిరాదని నా అభిప్రాయం. ఇరవై నాలుగు మందిలో కనీసం పది మంది ఆ కాలువ పక్కనుంచి రోజూ బండి మీద వెళ్లేవాళ్లే అయి ఉంటారు. అది ఏ కాలువో టీ విరామంలో తేలిపోతుంది, మీరు దాచారన్న మాట మాత్రం మిగులుతుంది. సార్ చెవికి అది మూడో మనిషి నోటి ద్వారా చేరుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పినదానికంటే ఇదే ఆయన్ను ఎక్కువ గాయపరుస్తుంది.

వేరే ఊరి ఉదాహరణ తీసుకోవడం ఇంకొక దారి. 2005 జూలై 26న ముంబయి శాంతాక్రుజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది, అక్కడి పాత కాలువలు గంటకు 25 మిల్లీమీటర్లకే కట్టినవి. ఇది అందరికీ తెలిసిన పాఠం, ఎవరి మనసూ నొచ్చుకోదు. కానీ ముంబయి కథ విన్న కుర్రవాడు ‘అంత వాన పడితే ఎవరేం చేస్తారు’ అనుకుని ఇంటికి వెళతాడు. అలాంటి ఉదాహరణ మొదటి పదిహేను నిమిషాలకు సరిపోతుంది, ఆరు వారాలకు సరిపోదు.

మూడో దారి, సార్ దగ్గరికి మీరే ముందుగా వెళ్లడం. పాత ఫైలు, టోపోషీటు, ఎఫ్‌ఎంబీ నకలు పట్టుకుని వెళ్లండి. ‘సార్, మీ లెక్క తప్పు’ అని మొదలుపెట్టకండి, కాలువ పొంగడానికి ఆ లెక్క ఒక్కటే కారణం కాదని పైన చూశాం. ‘సార్, 2012లో వంక ఎటు పోయేదో మీకు గుర్తుందా?’ అని అడగండి. లెవెల్ పుస్తకం రాయించిన మనిషి ఈ ప్రశ్నకు మొహం చాటేస్తారని నాకు తోచదు. అయితే ఆయన నొచ్చుకోవచ్చు. ‘ఇన్నేళ్లకు నన్ను పరీక్షించడానికి వచ్చావా’ అనవచ్చు. కొన్ని వారాలు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ నష్టానికి సిద్ధపడే వెళ్లాలి. ఆయన ఒప్పుకుంటే ఇంకొక మెట్టు ఉంది: ఒక శనివారం ఆయననే క్లాసుకు రమ్మనడం. ఇందులోనూ ప్రమాదం లేకపోలేదు. రిటైరైన పెద్దలకు మైకు ఇస్తే (నన్నూ కలుపుకునే అంటున్నాను) పాఠం కాస్తా పాత జ్ఞాపకాల కచేరీ అవుతుంది. కనుక మాట్లాడమని వదిలేయకుండా, మీరు అడగడం, ఆయన చెప్పడం అనే పద్ధతి పెట్టుకోండి. అనుభవమున్న ఇంజనీరు తన పాత డ్రాయింగు మీద వేలు పెట్టి ‘ఇక్కడ ఈ గీత ఇంకా పైదాకా పోవలసింది’ అని జూనియర్ల ముందు అనగలిగితే, వాళ్లు తమ తప్పులు దాచుకోకుండా చెప్పడం నేర్చుకుంటారు.

ఆయన ససేమిరా వద్దంటే? అప్పుడు కూడా మీ గీత మీదేగా. ‘ఈ డ్రాయింగు నేను గీశాను, పరీవాహక సరిహద్దు నేను వేశాను, పైన ఏముందో నేను చూడలేదు’ అని మీ వంతు మీరు చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అంతవరకే చెప్పి ఆగవచ్చు. లెక్క ఎవరిదని ఎవరైనా అడిగితే ‘ఆఫీసుది’ అనండి. ఆఫీసు ముద్రతో బయటికి వెళ్లిన లెక్క అది, కనుక అది అబద్ధం కాదు. దీనివల్ల మీ మాట కొంత తేలికవుతుందనీ, శిక్షణ ఇచ్చే మనిషే తప్పు ఒప్పుకుంటే వినరనీ మీకు భయముండవచ్చు. మొదటి గంట అలా అనిపిస్తుంది కూడా. రెండో శనివారం నుంచి వాళ్లు తమ డ్రాయింగులు సంచిలో పెట్టుకుని మీ దగ్గరికి వస్తారు.

శిక్షణ బాధ్యత వదిలేసుకోవడం నాలుగో దారి. మీ వారు సూచించినది దాదాపు ఇదే. అందులో తప్పేమీ లేదు, ప్రాణం సుఖంగా ఉంటుంది. మీ స్థానంలో వచ్చేవాళ్లు గుణకాల పట్టిక చదివి వినిపించి సర్టిఫికెట్లు పంచుతారన్నది మాత్రం ఖాయం.

వీటన్నిటితో సంబంధం లేకుండా, మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. క్లాసులో చెప్పినా చెప్పకపోయినా, ఆ కాలువ ఇప్పటికీ అక్కడే ఉంది, వంక ఇప్పటికీ అందులోకే వస్తోంది. వచ్చే నవంబరు గురించి మీకు తెలిసిన సంగతిని ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయడం మీ ఉద్యోగ ధర్మం. రెండు పేజీల నోటు చాలు: ఇప్పుడు కాలువలోకి చేరుతున్న విస్తీర్ణం ఇంత, కాలువ సామర్థ్యం ఇంత, వంకను పాత దారికి మళ్లించడమో, పై కొసన నీరు కాసేపు నిలిచే గుంత కట్టడమో, దిగువన కాలువ పెంచడమో పరిశీలించాలి అని. ఎవరి తప్పన్న మాట అందులో అక్కరలేదు, ఉండకూడదు కూడా. అలాంటి నోటు ఫైలులోకి వెళితే తరువాత ఎవరైనా దాన్ని బయటికి తీయవచ్చు, మిమ్మల్ని ప్రశ్నించవచ్చు. ఆ ఇబ్బంది నిజమే. కానీ క్లాసును ఈ నోటుకు బదులుగా వాడుకోకండి. జూనియర్ల ముందు చెప్పి గుండె బరువు దించుకుని, అధికారుల బల్ల మీదికి కాగితం పంపకపోతే, దిగువ వీధులవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఆ నోటు రాసే ముందు మీ ఆడపడుచు ఇంటికి వెళ్లండి, ఈసారి పండక్కి కాదు. బీరువా వెనక గోడ మీద నీటి చార ఇంకా ఉందని రాశారు కదా, సున్నం వేయకముందే టేపుతో దాని ఎత్తు కొలిచి, వీధి మట్టంతో కలిపి లెవెల్ తీసుకోండి. నీళ్లు ఎన్ని గంటలకు వచ్చాయో, ముందు ఏ గుమ్మంలో కనిపించాయో అడగండి. ఎగువ వీధి వైపు నుంచి ఒక్కసారిగా ఎర్రమట్టితో వచ్చాయంటే అవి గుట్ట నీళ్లు, మన లెక్క సరైన దారిలోనే ఉంది. అలాకాకుండా పెరటి వైపు నుంచి మెల్లమెల్లగా, పెద్దగా బురద లేకుండా ఎక్కాయంటే కాలువ కలిసే కింది వాగు నిండిపోయి నీరు వెనక్కి ఎగదన్నిందన్నమాట. అప్పుడు కాలువను ఎంత పెంచినా లాభం లేదు, కింది మట్టాలు చూడాలి, నేను పైన వేసిన లెక్క కూడా మళ్లీ వేయాలి. ఆ సంగతి ఇప్పుడు మీ ఇద్దరిలో ఆమెకే తెలుసు.